ఇరవై అడుగులు

పులికాట్ నుంచి పడవను లారీ మీద తెచ్చినారు,
దాంతోబాటు నన్నూ.
నాయుడుపేట దాటినాక క్లీనరు అడిగినాడు,
"తాతా, ఏట్లో నీళ్ళుండాయా?"
పడవ కొన్నోళ్ళకు తెలిసుండాల అన్నాను.

తొండవాడ దగ్గర స్వర్ణముఖి.
ఇసుక. ఇసుక మీద ఎండిన తుంగ,
మేకల గిట్టలు, మునగదీసుకున్న కుక్క.
క్రేను కిందికి దించినప్పుడు
పడవ ఒక పక్కకు ఒరిగి, కాసేపు ఆలోచించి, కుదురుకున్నాది.

మేనేజరు జయచంద్ర మంచోడే.
"నీళ్ళొచ్చేదాకా ఆగలేం ఏకాంబరం, వడ్డీ ఆగదు" అన్నాడు.
అందుకని మెత్తని సోఫాలొచ్చినాయి,
రాగి చెంబుల్లో రోజా రేకులు,
అద్దాల గదికి ఏసీ, దాని గొట్టంలోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు.
ఆ ఏడు ఏట్లో పారింది అవే.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా విహారం.
మనిషికి మూడువేల ఎనిమిదొందలు, పిల్లలకు సగం.
కొండ మీద దర్శనం అయినోళ్ళు, గుండ్లకింకా చందనం వాసన,
మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పాలా అని అడుగుతారు.
నేను తెరచాప ఎత్తుతాను.
మా నాయన కుట్టిన చాప, పదహారు అతుకులు,
తుమ్మచెక్క కషాయంలో ఉడికిన గుడ్డ.
గాలి దాన్ని గుర్తుపడుతుంది.
కొయ్య కిర్రుమంటుంది. పడవ ఒళ్ళంతా బిగుస్తుంది,
కట్టేసిన ఎద్దు పచ్చిక చూసినట్టు.

గైడు పిల్ల హేమలత మైకులో చెబుతుంది,
"ఎడమవైపు చూడండి, అగస్త్యేశ్వరుడు."
అరగంట తరవాత,
"ఇప్పుడు కొంచెం వెనక్కి చూడండి, అగస్త్యేశ్వరుడు."
ముక్కంటి ఎక్కడికీ పోలేదు. మేమూ పోలేదు.
యోగిమల్లవరం, గుడిమల్లం, కాళహస్తి
మూడు గుళ్ళూ టీవీలో వచ్చి పోతాయి
పనీరు ముక్కలు అయిపోయేలోపల.

ఒకసారి హోసూరు పిల్లోడు చుక్కాని దగ్గరికొచ్చి
"మనం పోతా ఉండామా?" అన్నాడు.
చుక్కాని మూరెడు ఇసుకలో పాతుకోని ఉండాది.
వాడికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.
"గుడి పోతా ఉండాది, చూడు" అన్నాను.
గోపురం వెనక మబ్బులు నడస్తా ఉన్నాయి.
వాడు రెప్ప వెయ్యకుండా చూసి చూసి,
కళ్ళు తిరిగి, సోఫా మీద కక్కుకున్నాడు.
ఆ సీజనులో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

రాత్రి అందరూ పోయినాక
పడవ కింద చేత్తో చెలమ తవ్వేవాణ్ణి.
మోచేతి లోతున తడి. ఇంకొంచెం పోతే
నిద్దట్లో ఎవరో ఊపిరి తీసినట్టు ఊరేవి నీళ్ళు.
ఉప్పు లేని నీళ్ళు. ఇరకం దిబ్బలో పుట్టినోడికి
ఆ రుచి నాలిక మీద నిలవదు, మళ్ళీ తాగాల.

కార్తీకంలో ఒక రాత్రి కొండల్లో ఉరిమింది.
కల్యాణి డ్యాము తలుపులు ఎత్తినారేమో, ఎవురూ చెప్పలా.
రెండు గంటలప్పుడు కుక్క వచ్చి నా కాళ్ళ మీదికెక్కింది.
ఇసుక చప్పుడు మారింది.
ముందు నురగ, నురగ మీద చీమలు, ఒంటి చెప్పు,
ఆ వెనక నీళ్ళు. మోకాలు దాటి, మొలకు కాస్త కింద.
మా పడవలకు అడుగు చదును, అంతమాత్రం చాలు.
లేచింది.
నేను చాప ఎత్తలా. చుక్కాని పట్టలా.
కడగని ప్లేట్లూ, కుక్కా, నేనూ
ఊరికే కూచున్నాం.
ఎడమ పక్కనుండిన గుడి దీపం
మెల్లంగా పడవ ముక్కు మీదికొచ్చింది,
కాసేపు నిలిచి,
కుడి పక్కకు పోయింది.

తెల్లారేసరికి నీళ్ళు లేవు.
జయచంద్ర పడవ చుట్టూ తిరిగినాడు.
"ఎవురు జరిపినారు దీన్ని? ఫోటోల్లో గుడి రాదే!"
ఇరవై అడుగులు. నేను అడుగుల్తో కొలిచినా.
జేసీబీ తెప్పించి, తాళ్ళు కట్టి,
మధ్యాన్నానికి దాని చోటికి దాన్ని ఈడ్చినారు.

ఆ సాయంత్రం హేమలత మైకు పట్టుకోని
"ఎడమవైపు చూడండి" అంటా ఉంటే
నేను కుడివైపు చూసినాను.